ఆగడానికి ముందు నలభై సెకన్లు

2007 ఎండాకాలంలో నేను మా నాన్న చేతుల్ని కంప్యూటర్ తెర మీద చూశాను. మొహం కాదు, చేతులే. రోజుకు పది పన్నెండుసార్లు, నిమిషం నిమిషం చొప్పున, దానికి జీతం కూడా పుచ్చుకుని మరీ చూశాను. "కూర్చుని సినిమా చూడ్డానికి జీతమా! పెట్టి పుట్టావే మార్తా" అని మా అమ్మ కాంతమణి మురిసిపోయేది. పెట్టి పుట్టానో, ఎవరి నోటి దగ్గర కూడు తీసి పుట్టానో ఆ ఈస్టరు నాటికి తేలిపోయింది.

మాది మెట్టుగూడ. నాన్న పేరు దేవానందం. బాపట్ల వైపు నుంచి పాతికేళ్లప్పుడు ఇక్కడికి వచ్చి, కాప్రా అవతల ఉన్న ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ ఆపరేటరుగా కుదురుకున్నాడు. అదే ఫ్యాక్టరీ మేడమీద, మెయింటెనెన్స్ ఆఫీసులో, నేను టైపింగు పనికి చేరి అప్పటికి ఏడాదిన్నర. ఇద్దరం ఒకే కంపెనీ బస్సెక్కి, గేటు దగ్గర విడిపోయేవాళ్లం. ఆయన కింద, నేను పైన. వర్కర్ల క్యాంటీను వేరు, స్టాఫ్ క్యాంటీను వేరు. "నా కూతురు నా నెత్తిన కూర్చుందయ్యా" అని ఆయన తోటివాళ్లతో గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ ఫిబ్రవరి చివర్లో నాలుగో నంబరు మెషిను మొండికేసింది. అది నాన్న మెషినే. దాని పని చూడ్డానికి ముచ్చటగా ఉండేది. బిస్కెట్లు బారులు తీరి బెల్టు మీద వస్తాయి, రేపరు వాటిని చుట్టుకుంటుంది, చివర్న రెండు ఇనుప దవడలు టపటపా మూసుకుంటూ రేపరును వేడితో అతికించి కోసేస్తాయి. ఒక్క బిస్కెట్టు వంకరగా వచ్చి దవడల మధ్య పడిందంటే మెషిను మొత్తం ఆగిపోతుంది. శుభ్రం చేసి, దవడల్ని మళ్లీ వేడెక్కించి, దారిలో పెట్టేసరికి పావుగంట. అందుకే ఆపరేటరు బెల్టు పక్కన నిలబడి, వంకర బిస్కెట్టును వేలితో తట్టి నిలబెడుతుంటాడు. వేలికి అందకపోతే ఎర్ర బటన్ నొక్కుతాడు. నాన్నకు ఎదురుగా, బెల్టుకు అవతలి పక్క, ఎల్లమ్మ అనే ఆవిడ నిలబడి ప్యాకెట్లు అట్టపెట్టెల్లో సర్దేది. పన్నెండేళ్లుగా ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పనిచేశారు.

ఫిట్టర్లు బెల్టు మార్చారు, పళ్లచక్రాలు మార్చారు. మెషిను మాత్రం ఆగుతూనే ఉంది. అప్పుడు మా మెయింటెనెన్స్ మేనేజరు సుబ్బరాజు గారు బెంగుళూరు మనుషుల్ని పిలిపించి రెండు కెమెరాలు పెట్టించారు. ఒకటి బెల్టు మీదికి, ఒకటి పక్కనుంచి. మెషిను ఆగినప్పుడల్లా, ఆగడానికి ముందు నలభై సెకన్లు, ఆగిన తర్వాత ఇరవై సెకన్లు కత్తిరించి నా కంప్యూటరుకు పంపేది ఆ పరికరం. నేను ఆ ముక్క చూసి, ఎందుకు ఆగిందో రిజిస్టర్లో రాయాలి.

"చూడమ్మాయ్," అన్నారు సుబ్బరాజు గారు మొదటిరోజే. "మెషిన్ తప్పయితే మెషిన్ మారుస్తాను. మనిషి తప్పయితే మనిషిని మారుస్తాను. మనకి మొహమాటాలుంటాయి గానీ కెమెరాకి ఉండవు కదండీ."

ఆయన చెడ్డమనిషి కాదు. ఆ మాట మాత్రం నాకు చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

మొదటి రెండు వారాలూ మామూలు కారణాలే. రేపరు చిరిగింది, కరెంటు మినుకుమంది, పొయ్యి దగ్గర మాడిన బిస్కెట్లు వచ్చాయి. రాసుకుంటూ పోయాను. మూడో వారంలో ఒకటి కనిపెట్టాను. పొద్దున్నపూట మెషిను ఒకటి రెండుసార్లే ఆగుతోంది. మధ్యాహ్నం రెండు దాటాక మొదలై నాలుగు లోపల ఏడెనిమిదిసార్లు. సుబ్బరాజు గారికి చెబితే పైకి చూశారు. "రేకుల కప్పు కదమ్మా, వేడికి రేపరు సాగుతోందేమో" అన్నారు.

ఆ శనివారం ఖాళీగా కూర్చుని, మధ్యాహ్నం ముక్కలన్నీ వరసగా పెట్టుకుని నిదానం చేసి చూశాను. అప్పుడు కనిపించాయి మా నాన్న చేతులు. అన్నాళ్లూ చూస్తూనే ఉన్నాను, కానీ బిస్కెట్లను చూశాను. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తిదెబ్బకు నల్లబడి అలాగే ఉండిపోయింది. పొద్దున ఎనిమిదింటికి ఆ వేళ్లు చర్చిలో ఆయన హార్మోనియం వాయించినంత చులాగ్గా తిరుగుతున్నాయి. మధ్యాహ్నం మూడింటికి అవే వేళ్లు, బిస్కెట్టు వెళ్లిపోయిన తర్వాత వచ్చి ఖాళీ బెల్టును తడుతున్నాయి. మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. మళ్లీ ఖాళీ బెల్టే. తట్టిన తర్వాత ఆ చెయ్యి, ఏం చెయ్యాలో మరిచిపోయినట్టు, గాలిలో అలాగే ఉండిపోతోంది. అవతలి నుంచి గాజుల చెయ్యి ఒకటి చాచుకుని వచ్చి నాన్న పని చేసేసి వెళుతోంది. అది ఎల్లమ్మది. ఆ చెయ్యి అందుకోగలిగినప్పుడు మెషిను ఆగడం లేదు, అందుకోలేనప్పుడు ఆగుతోంది. సంగతి అంతే. తప్పు మెషిన్లో లేదు.

ఎందుకో తెలియలేదు. పక్క కెమెరా ముక్కలు తీశాను. భోజనాల వేళ, వేరేవాళ్లు నడుపుతుండగా ఒకసారి మెషిను ఆగినప్పటిది దొరికింది. మూలనున్న బల్ల మీద కూర్చుని ఎల్లమ్మ అన్నం తింటోంది. ముందు మూడు గిన్నెల స్టీలు క్యారేజి. దాని పిడికి మా అమ్మ గుర్తుకోసం కట్టిన ఆకుపచ్చ గుడ్డపీలిక. నాన్న పక్కనే నిలబడి నీళ్లు తాగుతున్నాడు.

అవి శ్రమదినాలు. ఈస్టరుకు ముందు నలభై రోజులూ పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్లతో ఉపవాసం ఉండటం నాన్నకు నా పుట్టుకకు ముందునుంచీ ఉన్న నియమం. ఆ జనవరిలో షుగరు బయటపడింది. ఉపవాసాలు కట్టిపెట్టమని డాక్టరు గట్టిగా చెప్పాడు, ఒక్కరోజు కూడా మాత్ర మానొద్దని కూడా చెప్పాడు. నాన్న సరేనన్నాడు. అమ్మ టిఫినూ అన్నమూ రెండూ క్యారేజీలో సర్ది ఇచ్చేది, ఫ్యాక్టరీలో తింటానని పట్టుకెళ్లేవాడు. బస్సెక్కే ముందు మాత్ర ఆయన అరచేతిలో పెట్టేది నేనే. అంటే ఖాళీ కడుపులో రోజూ ఆ మందు వేసింది నేను.

కిందికి దిగాను. ఎల్లమ్మ అట్టపెట్టెలకు టేపు అంటిస్తోంది.

"అక్కా, మా నాన్న తినట్లేదు కదూ?"

ఆమె అటూ ఇటూ చూసింది. "నీకెవరు జెప్పిండ్రు బిడ్డా? దేవుని పని, ఎవ్వరికి చెప్పకమ్మా అన్నడు సారు. నేను సుత శివరాత్రికి ఒక్కపొద్దుంట, నాకెరుక గాదా?"

"ఆయనకు షుగరక్కా. మాత్ర వేసుకుని తినకపోతే పడిపోతాడు."

"అవునా!" అని చేతిలో టేపు పక్కన పెట్టింది. ఆ తర్వాత నా భుజం తట్టింది. "పరేషాన్ గాకు. ఇగ ఎన్ని దినాలు, పదో పన్నెండో. నేను జూస్కుంట తియ్. ఆయన చెయ్యి ఆగితే నా చెయ్యి లేదా?"

మర్నాడు ఆదివారం. చర్చి అయ్యాక అమ్మను ఇంటికి పంపి, హార్మోనియం గాలితిత్తికి అంటించే జిగురు కొనాలన్న వంకతో నాన్నను రెజిమెంటల్ బజారుకు తీసుకెళ్లాను. దారిలో అడిగేశాను. నాన్న నడుస్తూనే ఉన్నాడు.

"కెమెరా క్యారేజీల్ని కూడా చూసుద్దా అమ్మా?" అని నవ్వాడు.

"నవ్వొద్దు నాన్నా. డాక్టరుకు ఏం మాటిచ్చావు?"

"మాత్ర మాననని ఇచ్చాను. మానలా."

"అమ్మకు తింటున్నానని అబద్ధం చెప్పావు."

"తింటన్నానని ఏనాడూ చెప్పలేదు తల్లీ. క్యారేజీ తీసుకుపోతన్నా, అంతే. ఉపవాసమున్నోడు మొహం వేలాడేసుకుని ఊరంతా చాటింపేసుకోకూడదు. తల దువ్వుకుని, నవ్వు మొహంతో ఉండాల." ఒక పక్కగా ఆగాడు. చుట్టూ ఆదివారం బేరాల గోల. "నువ్వు పుట్టకముందు నేనెట్టా ఉండేవాణ్ణో మీ అమ్మనడుగు. జీతం రోజున నన్ను సారా కొట్టు ముందు నుంచి ఈడ్చుకొచ్చేది. ఓ ఏడు ఈ నలభై దినాలు పట్టాను. నలభై దినాలు నోట్లో చుక్క పోసుకోకుండా ఉండగలిగినోణ్ణి, నలభై ఒకటో దినం కూడా ఉండలేనా అనుకున్నా. అట్టా నిలబడ్డానమ్మా. ఒక్క ఏడు ఇది వదిలేస్తే అది మళ్లీ వచ్చి పట్టుకుంటదేమోనని భయం."

మా నాన్న నోట భయమనే మాట అంతకుముందు నేను వినలేదు. కోపం ఎక్కడిదక్కడే కరిగిపోయింది.

"అయితే మాత్ర మానెయ్యి."

"డాక్టరు వద్దన్నాడుగా."

ఇక ఈ మనిషితో వాదించి గెలిచినవాళ్లు లేరు. కిరాణాకొట్లో పటికబెల్లం పావుకిలో కొని పొట్లం ఆయన జేబులో పెట్టాను. మధ్యాహ్నం ఒంట్లో తేడాగా ఉంటే ఒక ముక్క నోట్లో వేసుకోమన్నాను. అది భోజనం కిందికి రాదులే అన్నాను. సరేనన్నాడు.

"మీ అమ్మకు చెప్పమాక," అన్నాడు. "ఇంకెంత, పన్నెండు దినాలు. మంచి శుక్రవారం దాటితే నువ్వేం పెడితే అది తింటా."

చెప్పనన్నాను. తండ్రి మాట కాదా. సోమవారం నుంచి రిజిస్టర్లో కారణం అన్న గడిలో "రేపర్ జారింది" అని రాయడం మొదలుపెట్టాను. నాన్న నన్ను అడగలేదు, నా అంతట నేనే రాశాను. చేతులు ఆలస్యమయ్యాయి అని రాస్తే సుబ్బరాజు గారు మనిషిని మారుస్తారు. ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న ఆపరేటర్ని గేటు బయట నిలబెడతారు. పన్నెండు రోజుల కోసం ఆయన పని పోగొట్టాలా అనుకున్నాను. మొదటి అబద్ధం రాయడానికి పది నిమిషాలు పట్టింది. బుధవారానికి చెయ్యి దానంతటదే రాసేసేది.

సాయంత్రం బస్సులో అడిగేదాన్ని, పటికబెల్లం ఉందా నాన్నా అని. "జేబులోనే ఉందమ్మా" అనేవాడు. నాకు ఆ జవాబు చాలింది. మెషిను ఆగడం కూడా తగ్గింది. అది పటికబెల్లం మహిమ అనుకున్నాను గానీ, ఎల్లమ్మ చెయ్యి ఇంకాస్త ముందుకు రావడం నేర్చుకుందని ఆలోచించలేదు. ఆగనప్పుడు ముక్కలు రావు కదా నాకు.

శుక్రవారం సుబ్బరాజు గారు రిజిస్టరు తిరగేశారు. మొహం వెలిగిపోయింది.

"దొరికిందమ్మాయ్ దొంగ! అన్నీ రేపరు జారడమే. ఇంత చిన్నదానికి మెషిన్ మొత్తం ఎందుకాగాలి? మూత ఎత్తి, రేపరు ఇలా లాగి సరిచేస్తే సరిపోతుంది కదండీ."

"మూత ఎత్తితే మెషిన్ ఆగిపోతుంది కదా సార్," అన్నాను. దవడల మీద గాజు మూత ఉండేది. అది తెరుచుకుంటే కరెంటు తెగేలా దానికో స్విచ్చి.

"అదే చెబుతున్నా. ఆ స్విచ్చికి వైరు కట్టించేద్దాం. మూత ఎత్తినా తిరుగుతుంటుంది. ప్యాకింగు ఆడవాళ్లే సరిచేసుకుంటారు. రాసుకో, ఫిట్టరుకు నోటు టైపు చెయ్యి."

ఆయన నిలబడి ఉన్నారు. నా వేళ్లు కీబోర్డు మీద ఉన్నాయి. ఇక్కడే చెప్పాల్సింది. సార్, రేపరు జారలేదు, జారింది మా నాన్న చెయ్యి అని ఒక్క ముక్క. కిటికీలోంచి కింద నాలుగో నంబరు కనిపిస్తోంది. అవతల ఎల్లమ్మ ఏదో అంటే నాన్న నవ్వుతున్నాడు. ఇంక వారమే కదా అనుకున్నాను.

"తేదీ ఈ రోజుదే వెయ్యనా సార్?" అని అడిగాను.

"ఇవ్వాళ్టిదే వెయ్యమ్మా."

టైపు చేశాను. ఆయన సంతకం పెట్టారు.

ఈస్టరుకు ముందటి మట్టల ఆదివారం గడిచింది. సోమవారం మధ్యాహ్నం మూడుంపావుకు నా కంప్యూటరుకు ఒక ముక్క వచ్చింది. ఆ ఏసీ గదిలోకి కింది చప్పుళ్లు రావు. ఎప్పటిలాగే పెన్ను తీసి, రిజిస్టర్లో టైము వేసి, తెర వైపు తిరిగాను.

నాన్న వేలు ఖాళీ బెల్టును తట్టింది. వంకర బిస్కెట్టు దాటిపోయింది. గాజుల చెయ్యి వచ్చింది, అందలేదు. మూత ఎత్తింది. అంతకుముందైతే అక్కడితో మెషిను ఆగేది. ఆగలేదు. చెయ్యి లోపలికి పోయి బిస్కెట్టును పట్టుకుంది. రేపరు మణికట్టుకు చుట్టుకుంది. ఎల్లమ్మ తల నాన్న వైపు తిరిగింది, నోరు తెరుచుకుంది. కెమెరాకు చెవులు లేవు. నాన్న కుడిచెయ్యి ఎర్ర బటన్ మీద ఉంది, మీద అంటే జానెడు పైన. అక్కడే ఉండిపోయింది. దవడలు మూసుకున్నాయి. తెరుచుకున్నాయి. మళ్లీ మూసుకున్నాయి. నాన్న చెయ్యి అక్కడే ఉంది. మూడోసారో నాలుగోసారో ఎవరిదో వేరే చెయ్యి అడ్డంగా వచ్చి బటన్‌ను గుద్దింది.

మెట్లు ఎలా దిగానో తెలియదు. ఎల్లమ్మను అప్పటికే ఎత్తుకుపోతున్నారు. నాన్న కింద చతికిలబడి, చొక్కా అంతా తడిసిపోయి, నన్ను చూసి "మెషిన్ ఎందుకాపారమ్మా?" అని అడిగాడు. నేను జేబులో చెయ్యి పెట్టాను. పటికబెల్లం పొట్లం కట్టిన దారం కట్టినట్టే ఉంది. చింపి రెండు ముక్కలు బలవంతంగా ఆయన నోట్లో కుక్కాను. పది నిమిషాలకు మనిషి తెప్పరిల్లాడు. తెప్పరిల్లి బెల్టు వైపు చూశాడు. తెలివి రాకుండా ఉంటే బాగుండేదని, కన్నకూతుర్ని, ఆ క్షణాన నేననుకున్నాను.

ఎల్లమ్మకు కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి.

ఇంట్లో దాచడానికి ఇంకేం మిగల్లేదు. అమ్మ అంతా విని ఏడవలేదు, అరవలేదు. "తండ్రీ కూతుళ్లు కలిసి నాకు గంతలు కట్టారు," అని మాత్రం అంది. ఆ తర్వాత ఇద్దరితోనూ మాట్లాడటం మానేసింది. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బుధవారం ఆసుపత్రికి వెళ్లాను. ఎల్లమ్మ మంచం మీద కూర్చుని ఉంది. చెయ్యి తెల్లటి కట్టులో ఇంత లావున ఉంది. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "సారుకేం గాలేదు గదా?"

ఏం కాలేదన్నట్టు తల ఊపాను.

"మంచిగైంది. నేను ఒర్లిన, ఇనవడలేదు పాపం. కండ్లు తెర్సుకోనే ఉన్నడు గని మనిషి లేడు అండ్ల." కట్టు వైపు చూసుకుంది. "నొప్పి లేదు బిడ్డా, సూదులిచ్చిండ్రు. నీ నాయిన్ని ఏమనకు. ఆయన బువ్వ నేను తిన్న నెల దినాలు. నేను సుత జెప్పాలె గద ఎవరికన్న."

ఆమె నన్ను ఓదారుస్తోంది. నేను అక్కడికి ఏ మొహంతో వెళ్లానో అని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"కంపెనోళ్లు పొద్దుగాల వచ్చిండ్రు," అంది. "ఏదో కాయితం తెచ్చిండ్రు. కుడిచెయ్యి గిట్లున్నది గద, ఎడమచేతి ఏలుముద్ర తీసుకున్నరు."

"ఏం రాసి ఉందక్కా అందులో?"

"నాకు చదువొస్తదా? తప్పు నాదే అని ఉన్నదట. నేను అడిగిన, దేవానందం సారు పేరు ఉన్నదా అని. లేదన్నరు. గందుకే పెట్టిన."

తప్పు ఆమెదే అని రాసుకుంటే ఆమెకు రావలసింది ఏదీ రాదు. అది ఆమెకు తెలియదు. నాకు తెలుసు. మేడమీద కూర్చున్నవాళ్లకు అలాంటివి తెలుస్తాయి.

గురువారం పొద్దున ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు విచారణకు వస్తాడనగా సుబ్బరాజు గారు నన్ను లోపలికి పిలిచారు. రాత్రంతా నిద్రలేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సోమవారం ముక్క నేనూ చూశానమ్మా. పాతవి కూడా చూశాను," అన్నారు. నేను నేల చూపులు చూశాను. "రేపరు జారింది అని ఎందుకు రాశావో అర్థమైంది. నాకూ పిల్లలున్నారు. కానీ దాన్ని నమ్మి నేను సంతకం పెట్టాను. ఇప్పుడు ఏం చేద్దాం చెప్పు? రిజిస్టరు అలాగే ఉండనీ. ఆ మనిషి తన పని కాని పనికి చెయ్యి పెట్టింది, అంతే. మీ నాన్నకు మంచిది, నీకు మంచిది, నాకూ మంచిది."

నాలుగో మనిషి పేరు ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తల ఊపి బయటికొచ్చాను. నిజం చెప్పాలంటే, ఆ గదిలోంచి విచారణ జరిగే గదిలోకి నడిచే దాకా ఆయన చెప్పినట్టే చేద్దామనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు పెద్దాయన, నెమ్మదస్తుడు. బల్లకు ఆ పక్క కూర్చుని రిజిస్టరు తిరగేస్తున్నాడు. నాన్నను కూడా పిలిపించారు. నాలుగు రోజుల్లో పదేళ్లు పైబడ్డట్టు, గోడ పక్కన నిలబడి ఉన్నాడు. బల్ల మీద ఒక కాయితం తెరిచి ఉంది. అడుగున నీలిరంగు వేలిముద్ర. కుదురుగా పడలేదు, పక్కకు చెదిరింది. ఎడమచెయ్యి కదా, వాళ్లే పట్టుకుని నొక్కించి ఉంటారు.

"ఇది మీరే రాశారామ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే సార్."

"ఇందులో ఉన్నవి నిజమేనా?"

సుబ్బరాజు గారు కిటికీ వైపు చూస్తున్నారు. నేను నాన్న వైపు చూడకూడదనుకున్నాను.

"మొదటి మూడు వారాలు తెలిసినంత వరకు నిజమే సార్. మార్చి ఇరవై ఆరు నుంచి ఇరవై ఏడుసార్లు అబద్ధం రాశాను. రేపరు జారలేదు. మా నాన్న చేతులు పట్టుతప్పేవి. ఖాళీ కడుపుతో షుగరు మాత్ర వేసుకుని నిలబడేవాడు. నాకు తెలుసు. ఆయన పని ఎల్లమ్మ చేసేది. నా రాత నమ్మే ఆ మూతకు వైరు కట్టారు. ఆ నోటు కూడా నేనే టైపు చేశాను."

ఇన్‌స్పెక్టరు గోడ వైపు తిరిగాడు. "ఏమయ్యా, నిజమేనా?"

"నిజమేనండి," అన్నాడు నాన్న. "ఆ రోజు బటన్ కనబడతానే ఉందండి. చెయ్యి రాలేదు."

మధ్యాహ్నానికల్లా ఇద్దర్నీ ఇంటికి పంపేశారు. ఆ తర్వాత పనిలోంచి తీసేసినట్టు ఉత్తరాలు వచ్చాయి, ఇద్దరికీ ఒకే కవరు రంగు. ఎల్లమ్మ వేలిముద్ర వేసిన కాయితం చెల్లదన్నారు. ఆమెకు పరిహారం రావడానికి మూడేళ్లు పట్టింది. సుబ్బరాజు గారిని కూడా ఉంచలేదని విన్నాను. మూత స్విచ్చి వైరు మాత్రం ఆ సాయంత్రమే విప్పేశారట.

ఆ రోజు కంపెనీ బస్సు ఎక్కనివ్వలేదు. సిటీ బస్సులో ఒకే సీటులో కూర్చున్నాం. బస్సు మౌలాలి దాటింది.

"మీ అమ్మకు చెప్పొద్దన్నాను," అన్నాడు చివరికి, ముందు సీటు కడ్డీ పట్టుకుని. "అబద్ధం రాయమని నీకెప్పుడన్నా చెప్పానా తల్లీ?"

"లేదు నాన్నా."

"నాకోసమే రాశావు."

ఆయన కోప్పడితే బాగుండేది. చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేది. దిగేటప్పుడు మెట్టు దగ్గర నా చెయ్యి పట్టుకోబోయి, ఆగి, కడ్డీ పట్టుకుని దిగాడు.

మర్నాడు మంచి శుక్రవారం. చర్చిలో పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన. ఎవరు వాయించినా వాయించకపోయినా ఆ రోజు హార్మోనియం నాన్నదే. అమ్మ తెల్లచీర కట్టుకుని గడపలో నిలబడింది. నాన్న లేవలేదు. పన్నెండు గంటలు కొట్టారు. అప్పుడు వచ్చి పీట వాల్చుకుని వంటింట్లో కూర్చున్నాడు.

"కాంతమ్మా," అన్నాడు. "అన్నం పెట్టు."

మా ఇంట్లో ఆ రోజున పగలు పొయ్యి వెలిగించిన జ్ఞాపకం నాకు లేదు. అమ్మ ఆయన మొహం చూసింది. చీరకుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. పప్పు కూడా వండింది. నాన్న అంతసేపూ పీట మీదనుంచి కదల్లేదు. వడ్డించింది తిన్నాడు. అడిగి మళ్లీ వేయించుకున్నాడు. ఆకలితో తిన్నట్టు లేదు, ఎవరో విధించిన శిక్ష తిన్నట్టు మెతుకు మిగలకుండా తిన్నాడు. పాతికేళ్లుగా నిలబెట్టుకున్నదాన్ని మా కళ్లముందే, ముద్ద తర్వాత ముద్దగా, మింగేశాడు.

కంచం ఖాళీ అయ్యాక లేవలేదు. ఎంగిలి చెయ్యి కంచంలోనే పెట్టుకుని, వేళ్లు విప్పి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ఎల్లమ్మకు ఎవరు తినిపిస్తన్నారో," అన్నాడు.

అమ్మ చర్చికి వెళ్లలేదు. నేను చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టాను. చర్చిలో మూడు గంటలు కొట్టేదాకా ఆయన చెయ్యి కడుక్కోలేదు.